కార్బిన్ హోటలాయన: కెంటకీలో నాలుగు రోజులు

గురువారం

ఆఫీసు లాగౌట్ అయ్యి అట్లాంటా పక్కనున్న ఆల్ఫారెట్టా నుంచి కారు తీసేసరికి నాలుగున్నర అయిపోయింది. ముగ్గురం బయల్దేరాం, నేను, కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్, ఇంకా మాకు సీనియర్ అయిన గుంటూరు అన్న. వెళ్ళేది కెంటకీలో విలియమ్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి, యూనివర్సిటీ ఆఫ్ కంబర్లాండ్స్‌లో వీకెండ్ రెసిడెన్సీకి, అంటే క్యాంపస్‌కి వచ్చి కూర్చోవాల్సిన క్లాసులకి. అమెరికాలో ఉద్యోగం చేస్తూ మాస్టర్సో పీహెచ్‌డీయో చేసే మనవాళ్ళలో ఈ ఊరి పేరు తెలియనివాళ్ళు తక్కువే. శుక్రవారం సాయంత్రం క్లాసు మొదలు, ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది, ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. నేనూ ఇంతకుముందు రెండుసార్లు అలాగే వచ్చి వెళ్ళిపోయాను. ఈసారి మాత్రం శుక్రవారం సెలవు పెట్టాను, పక్కనే ఉన్న కార్బిన్ చూద్దామని.

కార్బిన్‌లో ఏముంది అంటే కేఎఫ్‌సీ డబ్బా మీద బొమ్మ ఉంటుంది కదా, తెల్ల గడ్డం పెద్దాయన, హార్లాండ్ సాండర్స్, ఆయన హోటల్ నడిపిన ఊరు అది. ఒకటి రెండేళ్ళు కాదు, 1930 నుంచి 1956 దాకా.

ఐ-75 హైవే ఎక్కితే ఇంక దిగక్కర్లేదు, చాటనూగా, నాక్స్‌విల్ దాటుకుని నేరుగా కెంటకీలోకి వెళ్ళిపోతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర చాటనూగా దగ్గర కారులోనే తినేశాం. నాక్స్‌విల్ దాటాక చీకటి, జెల్లికో దగ్గర కొండలు మొదలయ్యాయి, ట్రక్కులన్నీ హజార్డ్ లైట్లు వేసుకుని నత్తల్లా ఎక్కుతున్నాయి. అక్కడ ఎవరికీ నిద్ర రాకూడదని అన్న కథ ఎత్తుకున్నాడు. మీరందరూ వినే ఉంటారు ఆ కథ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో చెప్తారు, వాట్సాప్‌లో ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది: ఒకాయన 65 ఏళ్ళ దాకా చేసిన ప్రతి పనిలోనూ ఫెయిల్ అయ్యాడు, చేతిలో 105 డాలర్ల పెన్షన్ చెక్కు తప్ప ఏమీ లేదు, చికెన్ ఫార్ములా పట్టుకుని 1009 హోటళ్ళకి తిరిగితే 1009 మందీ పొమ్మన్నారు, ఆ తర్వాతివాడు ఓకే అన్నాడు, ఆయనే కేఎఫ్‌సీ ఓనరు.

నేనూ ఆ కథ విని చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ కొన్నాళ్ళుగా ఆయన గురించి చదువుతుంటే ఆ "65 దాకా ఫెయిల్" అన్న మాట గుచ్చుకోవడం మొదలైంది. ఎందుకు గుచ్చుకుందో కార్బిన్ వెళ్ళొచ్చాక ఇంకా బాగా అర్థమైంది, అందుకే ఇది రాస్తున్నాను.

మోటెల్‌కి చేరేసరికి పది దాటింది.

శుక్రవారం

పొద్దున్నే మోటెల్ కాఫీ తాగి ముగ్గురం కార్బిన్ వెళ్ళాం, ఇరవై నిమిషాల దారి. రూటు మ్యాపులో చూస్తే ఒక విషయం వెంటనే తెలుస్తుంది. ఐ-75 లేని రోజుల్లో ఉత్తరం నుంచి ఫ్లోరిడా వైపు కార్లలో వెళ్ళేవాళ్ళకి యూఎస్ 25 ముఖ్యమైన దారి. ఆ రోడ్డు ఉత్తర కార్బిన్‌లో రెండుగా చీలుతుంది, 25ఈ కంబర్లాండ్ గ్యాప్ వైపు, 25డబ్ల్యూ నాక్స్‌విల్ వైపు. సరిగ్గా ఆ చీలిక దగ్గరే సాండర్స్ హోటలు. మా ఊళ్ళో అయితే "సెంటర్లో కొట్టు" అంటారు, అలాంటి చోటు.

బయట నుంచి చూస్తే ఒక మామూలు కేఎఫ్‌సీ, దాన్ని ఆనుకుని పాత తెల్ల భవనం. ముందు ప్రభుత్వం పెట్టిన ఇనుప బోర్డు, కెంటకీ ఫ్రైడ్ చికెన్ పుట్టిన చోటు అని. 1990లో ఈ భవనాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చి, పాత రూపానికి తెచ్చి మళ్ళీ తెరిచారు. లోపల పాత డైనింగ్ హాలు, చెక్క టేబుళ్ళు, ఆయన వంటగదిని ఎలా ఉండేదో అలా పేర్చి పెట్టారు. ఇప్పటికీ కౌంటర్లో చికెన్ కొనుక్కుని ఆ హాల్లో కూర్చుని తినొచ్చు, మేమూ అలాగే తిన్నాం.

ఆయన ఇక్కడికి ఎలా వచ్చాడో కొంచెం చెప్పాలి. పుట్టింది 1890లో ఇండియానాలో, హెన్రీవిల్ దగ్గర. అయిదేళ్ళకే తండ్రి పోయాడు, తల్లి టమాటా క్యానరీలో పనికి పోతే పిల్లలకి వండిపెట్టే పని ఈయన మీద పడింది, వంట అక్కడే వచ్చింది. చదువు మధ్యలోనే ఆపేశాడు. పొలం పని, ట్రామ్ కండక్టరు, సైన్యం, రైల్వే, వకాల్తా, ఇన్సూరెన్సు, ఫెర్రీ కంపెనీ, చాలా చేశాడు, చాలా వదిలేశాడు, ఫార్వర్డుల్లో చెప్పే ఫెయిల్యూర్లన్నీ ఈ ముక్కలోవే. నికొలస్‌విల్ అనే ఊళ్ళో పెట్రోల్ బంకు నడిపితే అప్పటి ఆర్థిక మాంద్యం (గ్రేట్ డిప్రెషన్) దెబ్బకి అదీ పోయింది. 1930లో షెల్ కంపెనీ కార్బిన్‌లో బంకు ఇచ్చింది, అద్దె లేదు, అమ్మిన పెట్రోలు మీద కొంత వాళ్ళకి కట్టాలి. అప్పటికి ఆయనకి నలభై.

బంకు దగ్గర ఆగినవాళ్ళు "ఇక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా" అని అడిగేవాళ్ళు. బంకు వెనకే ఆయన ఇల్లు. ఇంట్లో వాళ్ళు తినే టేబులునే ముందుకి లాగి, ఆరు కుర్చీలు వేసి, వాళ్ళు ఏం వండుకుంటే అదే పెట్టడం మొదలుపెట్టాడు. హామ్, బిస్కెట్లు (మన టీలో ముంచుకునే బిస్కెట్ కాదు, పొయ్యిలో కాల్చిన మెత్తటి రొట్టె), గ్రేవీ, కూరలు. ఆ ఆరు కుర్చీలు 1937కి 142 సీట్లయ్యాయి. 1935లో గవర్నరు రూబీ లాఫూన్ "కెంటకీ కల్నల్" బిరుదిచ్చాడు, కల్నల్ అంటే సైన్యంలో హోదా కాదు, రాష్ట్రం ఇచ్చే గౌరవం. డంకన్ హైన్స్ అని అప్పట్లో దేశమంతా తిరిగి మంచి హోటళ్ళ జాబితా వేసేవాడు, ఆ పుస్తకంలో సాండర్స్ హోటలు పేరు పడింది. 1939లో మొత్తం కాలిపోయింది. మళ్ళీ కట్టాడు, 1940లో తెరిచాడు, మేం కూర్చున్నది ఆ రెండోసారి కట్టినదాంట్లోనే.

మరి ఇది ఫెయిల్ అయినవాడి లెక్కేనా?

మంచివాడని పూజ చేయడానికి కూడా చెప్పట్లేదు. కోపిష్టి మనిషి. 1931లో పక్క బంకు యజమానితో బోర్డు మీద రంగు పూసేసే గొడవ ముదిరి తుపాకుల దాకా వెళ్ళింది, షెల్ కంపెనీ మనిషి ఒకాయన అక్కడే చనిపోయాడు, సాండర్స్ కాల్చిన తూటా ఆ పక్క బంకాయనకి తగిలింది, హత్య కేసులో జైలుకి వెళ్ళింది ఆ పక్క బంకాయనే. పెట్రోలు అమ్ముకోవడానికి మనుషులు చచ్చిపోయిన రోజులు అవి.

ఇంక లోపల నన్ను కట్టిపడేసినవి రెండు. మొదటిది ఒక గది. హోటలుకి ఆనుకుని ఆయన మోటెల్ కూడా కట్టాడు, ఆ మోటెల్ గది ఎలా ఉంటుందో ఒక నమూనా గదిని రెస్టారెంట్ లోపలే కట్టి పెట్టాడు, మంచం, దుప్పటి, బాత్రూంతో సహా. ఆడవాళ్ళు రెస్ట్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఆ గది లోంచే వెళ్ళాలి. అప్పట్లో రోడ్డు పక్క మోటెళ్ళంటే మురికిగా ఉంటాయని పేరు, రాత్రికి ఎక్కడ దిగాలో తేల్చేది భార్యే అని ఆయనకి తెలుసు. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేలోపు దుప్పటి తెల్లగా ఉందో లేదో చూసేసుకుంటుంది, బయటికొచ్చి "ఇక్కడే ఉందాం" అంటుంది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా గది అమ్మేశాడు. నేను ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను, అన్న వచ్చి భుజం తట్టే దాకా.

ఎందుకంటే మా మావయ్యకి హోటలు ఉండేది. అన్నవరం దాటాక తుని వైపు, పాత నేషనల్ హైవే అయిదు మీద. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం అరిటాకు భోజనం. మా మావయ్య మంచినీళ్ళ బిందె, స్టీలు గ్లాసులు గల్లాపెట్టె ముందే పెట్టేవాడు, చింతపండు పెట్టి తోమిన గ్లాసులు తళతళలాడుతుండేవి. చిన్నప్పుడు అడిగితే "కారులోంచి దిగిన ఆడవాళ్ళు ముందు గ్లాసు చూస్తార్రా, గ్లాసు బావుంటేనే లోపలికొస్తారు" అన్నాడు. ఆయన ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ చదవలేదు. కార్బిన్ ఆయనా చదవలేదు.

రెండోది ప్రెషర్ కుక్కరు. అద్దాల వెనక పెట్టారు, బరువైన మూత, పక్కన బిగించే స్క్రూలు, పైన గేజు. అంతకుముందు చికెన్‌ని ఇనుప పెనంలో వేయిస్తే అరగంట పట్టేది, రోడ్డు మీద ప్రయాణం చేసేవాడు అరగంట కూర్చోడు, అలాగని ముందే వేయించి పెడితే చల్లారిపోతుంది, మిగిలితే పారేయాలి. మరుగుతున్న నూనెలో ముంచి తీస్తే త్వరగా అవుతుంది గానీ ఆ రుచి ఆయనకి నచ్చలేదు. 1939లో కూరగాయలు ఉడికించే ప్రెషర్ కుక్కర్లు బజార్లోకి కొత్తగా వచ్చినప్పుడు ఒకటి తెచ్చి, దాంట్లో నీళ్ళకి బదులు నూనె పోసి, చికెన్ వేసి, మూత బిగించి చూశాడు. ఎన్నిసార్లు చెడగొట్టాడో గానీ చివరికి పది నిమిషాల లోపే అయిపోయేలా కుదిర్చాడు, లోపల రసం లోపలే, బయట కరకర. (దయచేసి మన ఇంటి కుక్కర్లో ఎవరూ ప్రయత్నించొద్దు, అది నూనెతో ప్రెషర్ పెట్టడానికి చేసింది కాదు, పేలుతుంది.) అందరూ ఆ 11 మసాలాల రహస్యం అంటారు, అది నాకూ ఇష్టమే గానీ నా దృష్టిలో అసలు విద్య ఆ కుక్కర్లో ఉంది. కస్టమరు ఎంతసేపు కూర్చోగలడో గల్లాపెట్టె దగ్గర నిలబడ్డవాడికి తప్ప తెలియదు.

సాయంత్రం అయిదుకల్లా విలియమ్స్‌బర్గ్ వచ్చి క్లాసులో కూర్చున్నాం. మొదటి రోజు పరిచయాలే.

శనివారం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసు, గ్రూప్ ప్రెజెంటేషను, చెప్పుకోవడానికి ఏమీ లేదు. లంచ్‌లో చూస్తే సగం హాలు తెలుగే, డల్లాస్ నుంచి ఒకరు, న్యూజెర్సీ నుంచి ఒకరు, ఎవరో గోంగూర పచ్చడి సీసా తెచ్చారు, టేబులు చుట్టూ తిరిగింది. మా కార్బిన్ సంగతి చెప్తే సగం మంది "అదేనా, 1009 రిజెక్షన్లు" అన్నారు.

వాళ్ళకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. ఆయన మొదటి ఫ్రాంచైజీ (తన చికెన్ తన పద్ధతిలో వండి అమ్ముకునే హక్కు) ఇచ్చింది 1952లో, సాల్ట్ లేక్ సిటీలో పీట్ హార్మన్ అనే హోటలాయనకి. అప్పటికి సాండర్స్‌కి 62, కార్బిన్ హోటలు బ్రహ్మాండంగా నడుస్తోంది. "కెంటకీ ఫ్రైడ్ చికెన్" అన్న పేరు పుట్టింది కూడా అక్కడే, హార్మన్ దగ్గర బోర్డు రాసిన పెయింటర్ ఇచ్చిన పేరు. అంటే ఒక హోటలాయన ఇంకో హోటలాయనకి వండి చూపించాడు, బావుంది కాబట్టి తీసుకున్నాడు. ఆ 1009 లెక్క నేను నమ్మను.

మరి 105 డాలర్ల చెక్కు? అది నిజమే, కానీ ఎందుకొచ్చింది ఆ పరిస్థితి అన్నది ఫార్వర్డులో ఎవరూ రాయరు. కొత్త ఇంటర్‌స్టేట్ వస్తోంది, అది కార్బిన్ ఊరు పక్క నుంచి పోతుంది, హోటలు ముందు నుంచి పోదు అని తేలిపోయింది. అంతకు కొన్నేళ్ళ ముందు 1,64,000 డాలర్లకి అడిగితే ఇవ్వనన్న ఆస్తి అది. 1956లో వేలం వేస్తే 75,000 వచ్చింది, అప్పులకి సరిపోయింది. మనిషిలో లోపం లేదు, వంటలో లోపం లేదు, రోడ్డు పక్కకి జరిగింది. మేం గురువారం రాత్రి హాయిగా ఎనభై మైళ్ళ స్పీడులో వచ్చింది ఆ రోడ్డు మీదే, ఐ-75.

ఇక్కడే మావయ్య మళ్ళీ గుర్తొస్తాడు. స్వర్ణ చతుర్భుజి అని హైవే నాలుగు వరసలు చేసినప్పుడు మా దగ్గర కొత్త రోడ్డు ఊరి బయట నుంచి వేశారు. మొదటి నెలలో లారీలు తగ్గాయి, తర్వాత బస్సులు, తర్వాత కార్లు. మావయ్య ఏడాదిన్నర లాక్కొచ్చి మూసేశాడు. మా చుట్టాల్లో ఇప్పటికీ పెళ్ళిళ్ళలో "మీ మావయ్య హోటలు పెట్టి దెబ్బ తినేశాడు" అంటారు, నేనూ చాలా ఏళ్ళు అదే నిజమనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు నడిపి, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఇల్లు కట్టినవాడు దెబ్బ తినేశాడా?

సాండర్స్ ఆ తర్వాత కారులో కుక్కర్లు, మసాలా వేసుకుని హోటలు హోటలుకీ తిరిగాడు, అమ్మిన ఒక్కో కోడికి నాలుగైదు సెంట్లు లెక్కన. 1964కి ఆరు వందల పైచిలుకు షాపులు, 20 లక్షల డాలర్లకి కంపెనీ అమ్మేశాడు. అమ్మేశాక కూడా షాపుల్లోకి వెళ్ళి గ్రేవీ రుచి చూసి గొడవ పెట్టుకునేవాడట, గోడకి కాగితం అంటించే జిగురులా ఉందని పేపర్లోనే అనేశాడు. డబ్బులొచ్చేశాయి కదా అని వదిలేయలేకపోయాడు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. 1980 డిసెంబరు 16న పోయాడు, 90 ఏళ్ళు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాష్ట్ర క్యాపిటల్ భవనంలో జనం చూడ్డానికి ఉంచారు, లూయీవిల్‌లో సమాధి.

క్లాసు అయ్యాక పౌర్ణమికి రెండు రోజులే ఉందని కంబర్లాండ్ ఫాల్స్‌కి వెళ్ళాం. 68 అడుగుల ఎత్తు, 125 అడుగుల వెడల్పు జలపాతం, వెన్నెల రాత్రుల్లో నీటి తుంపర మీద ఇంద్రధనుస్సు పడుతుంది, దాన్ని మూన్‌బో అంటారు. మబ్బు కమ్మేసింది. గంటసేపు చలిలో నిలబడితే ఒక్క నిమిషం మబ్బు విడిపోయి, తెల్లగా, పాలు కలిపిన గీతలా కనపడి పోయింది. ఫోన్‌లో పడలేదు.

తిరిగొచ్చేటప్పుడు మా రూమ్మేట్ ఫోన్‌లో కార్బిన్ గురించి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. 1919 అక్టోబరులో అక్కడి తెల్లవాళ్ళ గుంపు నల్లవాళ్ళని, ఎక్కువమంది రైల్వే పనివాళ్ళు, తుపాకులు చూపించి రైలెక్కించి ఊళ్ళోంచి వెళ్ళగొట్టేసింది. సాండర్స్ వచ్చింది దానికి పదకొండేళ్ళ తర్వాత. కారులో ఎవరం కాసేపు మాట్లాడలేదు. ఆ తెల్ల భవనంలో నమూనా గది చూసి మురిసిపోయిన నేను ఈ సంగతి కూడా రాయకపోతే సగమే రాసినట్టు అవుతుంది. ఆ టేబుళ్ళ దగ్గర ఎవరికి చోటు ఉండి ఉంటుంది, ఎవరికి ఉండి ఉండదు అని ఆ రాత్రంతా తిరుగుతూనే ఉంది బుర్రలో.

ఆదివారం

మధ్యాహ్నానికి క్లాసు అయిపోయింది. అందరూ ఎయిర్‌పోర్టులకి పరిగెడుతున్నారు. మేం ఐ-75 ఎక్కకుండా 25డబ్ల్యూ పట్టుకున్నాం, విలియమ్స్‌బర్గ్ నుంచి జెల్లికో దాకా అయినా పాత రోడ్డు మీద పోదామని.

రెండు వరసల రోడ్డు, మలుపులు, ఒక పక్క కొండ, చెట్లన్నీ ఎర్రగా పసుప్పచ్చగా మారిపోయి ఉన్నాయి. చర్చిలు, ట్రైలర్ ఇళ్ళు, వరండాలో కూర్చున్న ముసలాయన చెయ్యి ఊపాడు, మేమూ ఊపాం. ఒకచోట మూసేసిన పాత పెట్రోల్ బంకు కనపడితే ఆపించాను. పంపులు లేవు, పంపులు ఉన్న దిమ్మె మాత్రం ఉంది, పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది. గోడ మీద బోర్డు పీకేసిన చోట నాలుగు మేకు బెజ్జాలు, వాటి మధ్య గోడ రంగు కొత్తగా ఉంది, ఎండ తగలక. పేరేంటో చదవడానికి ఏమీ మిగల్లేదు. ఇలాంటివాళ్ళు ఈ రోడ్డు పొడుగునా ఎంతమంది ఉండి ఉంటారో, వాళ్ళ బొమ్మ ఏ డబ్బా మీదా రాలేదు. అన్న ఫోటో తీస్తానన్నాడు, వద్దన్నాను, ఎందుకో అడగొద్దు, మావయ్య హోటలు గోడ మీద కూడా అలాంటి చదరమే ఉంది.

జెల్లికోలో ఐ-75 ఎక్కాం. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. ఇండియాలో తెల్లవారుజామున అయిదున్నర, హోటలు మూసి ఇన్నేళ్ళయినా మావయ్య నాలుగింటికే లేచిపోతాడు, అందుకే ఫోన్ చేశాను.

"ఏరా, ఈ టైంలో చేశావు, ఒంట్లో బానే ఉందా?"

బానే ఉంది మావయ్యా అని మొత్తం చెప్పాను. చీలిక రోడ్డు, ఆరు కుర్చీలు, కాలిపోవడం, నమూనా గది, వేలం. రోడ్డు పక్కకి పోయింది అన్నప్పుడు "ఊఁ" అన్నాడు, అంతే. నేను "నీ హోటలు కూడా దెబ్బ తినలేదు మావయ్యా" అందామని గురువారం నుంచీ అనుకుంటున్నాను, నోట్లోంచి రాలేదు. కుక్కరు సంగతి చెప్పేసరికి మాత్రం గొంతు మారిపోయింది.

"కుక్కర్లో నూనె పోసి కోడి వేయించాడా? ఆగాగు. మరి వాషరు కరిగిపోదా? మూత ఎలా బిగించాడు, స్క్రూలా? ఎన్ని స్క్రూలు ఉన్నాయి, లెక్కపెట్టావా?"

లెక్కపెట్టలేదు. మళ్ళీ వచ్చే సెమిస్టరు వెళ్ళినప్పుడు లెక్కపెట్టి చెప్తానన్నాను.